విషయం: కొనుగోలు బిల్లులో తప్పు ఎక్కడుందో మీ స్క్రీన్ చూపకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. మందుల హోల్‌సేల్ వ్యాపారానికి మీ వెబ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. కొనుగోలు బిల్లు ఎంట్రీలో సేవ్ నొక్కగానే పైన ఎర్ర పట్టీ వచ్చి "చెల్లని సమాచారం ఉంది, సరిచూడండి" అంటుంది. ఏది చెల్లదో చెప్పదు. 40 లైన్ల బిల్లులో ఒక్కో లైన్ కింద రెండు మూడు బ్యాచ్‌లుంటే, ఆ ఒక్క ముక్క పట్టుకుని మొత్తం బిల్లును మళ్లీ కాగితంతో సరిపోల్చుకోవాల్సి వస్తోంది.

దీనిపై రెండుసార్లు టికెట్ వేశాం. రెండుసార్లూ "బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేయండి" అని మూసేశారు. క్యాష్‌కూ దీనికీ సంబంధం లేదు. మీ డెవలపర్లను ఇలా చేసి చూడమనండి. కొత్త కొనుగోలు బిల్లులో 5 లైన్లు వేసి, 4వ లైన్‌లో రెండు బ్యాచ్‌లు పెట్టి, రెండో బ్యాచ్ ఎక్స్‌పైరీ 13/27 అని కొట్టాలి. ఆ లైన్‌ను ముడిచేసి (బ్యాచ్‌లు కనబడకుండా మూసి) సేవ్ నొక్కాలి. పట్టీ వస్తుంది, లైన్ మాత్రం తెరుచుకోదు. ఇప్పుడు బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో, సర్వర్ జవాబులు కనబడే నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. సర్వర్ 422తో (సమాచారం చెల్లదని చెప్పే కోడ్) పంపిన జవాబులో "ఐటమ్స్.3.బ్యాచెస్.1.ఎక్స్‌పైరీ" అని చోటు ఉంది (లెక్క 0 నుంచి కాబట్టి 4వ లైన్, రెండో బ్యాచ్), నెల 1 నుంచి 12 లోపు ఉండాలన్న కారణమూ ఉంది. తప్పెక్కడో మీ సర్వర్‌కు తెలుసు. స్క్రీనే దాన్ని పారేస్తోంది. మా అసలు ఫిర్యాదు ఇదే.

మొబైల్ బ్రౌజర్‌లో లైన్ నంబర్ చూపిస్తున్నారు, అది ఇంకా ప్రమాదం. సర్వర్ 0 నుంచి లెక్కపెట్టిన 3ను అలాగే "లైన్ 3" అని వేస్తున్నారు. దాన్ని నమ్మినవాళ్లు సవ్యంగా ఉన్న 3వ లైన్‌ను దిద్ది పాడుచేస్తారు, తప్పున్న 4వది అలాగే ఉంటుంది. తప్పు చూపించాక పై లైన్ ఒకటి తీసేస్తే ఎర్ర గీత పక్క లైన్ మీదికి జారుతోంది కూడా. వరుస సంఖ్యతో కాకుండా, ప్రతి లైన్‌కూ ప్రతి బ్యాచ్‌కూ మారని ఐడీ ఇచ్చి తప్పును దానికి కడితే ఈ జారుడు ఆగుతుంది.

బ్యాచ్‌ల మొత్తం సంగతి వేరు. 10+1 స్కీమ్‌లో 100 కొంటే 10 ఉచితం, బ్యాచ్‌లలో 110 వస్తాయి. మీ తనిఖీ ఉచిత పరిమాణాన్ని కలపకుండా 100తో పోల్చి "పరిమాణం చెల్లదు" అంటోంది. ఇది లెక్కలోనే తప్పు. నిజంగా తేడా ఉన్నప్పుడు కూడా "4వ లైన్: బ్యాచ్‌ల మొత్తం 105, ఉండాల్సింది 110" అని అంకెలతో చెబితేనే దిద్దగలం.

తప్పులు ఒక్కొక్కటిగా బయటపెట్టడం మరో తలనొప్పి. ఆరు తప్పులుంటే ఆరుసార్లు సేవ్ కొట్టాలి. అన్నీ ఒకేసారి ఇవ్వండి. ఒక్క మినహాయింపు: బ్యాచ్ పరిమాణం గడి ఖాళీగా ఉంటే, అది నిండేదాకా మొత్తం కుదరలేదన్న మాట ఎత్తకండి. ఒక తప్పుకు రెండు కేకలు అనవసరం.

సప్లయర్ వివరాల్లో జీఎస్‌టిన్ (జీఎస్‌టీ నమోదు సంఖ్య) ఆంధ్రప్రదేశ్ కోడ్ అయిన 37తో మొదలై, రాష్ట్రం తెలంగాణ అని ఎంచుకుంటే "జీఎస్‌టిన్ తప్పు" అంటున్నారు. నంబర్ సరైనదే కావచ్చు, రాష్ట్రమే పొరపాటున ఎంచి ఉండవచ్చు. "జీఎస్‌టిన్ ప్రకారం ఆంధ్రప్రదేశ్, మీరు ఎంచింది తెలంగాణ" అని రెండు గడుల దగ్గరా చూపాలి. పన్ను ఐజీఎస్‌టీనా (వేరే రాష్ట్రం నుంచి కొంటే), సీజీఎస్‌టీ–ఎస్‌జీఎస్‌టీనా (అదే రాష్ట్రంలో కొంటే) అన్నది దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ ఊహకు చోటుండకూడదు. ఇక "డెలివరీ చిరునామా అదే" అని టిక్ పెట్టాక కూడా, కనబడని పిన్‌కోడ్ గడిని తనిఖీ చేసి బిల్లును ఆపుతున్నారు. టిక్ ఉంటే ఆ భాగాన్ని సర్వర్‌కు పంపకుండా ఉంటే సరిపోతుంది.

మేం కోరేది: సేవ్ విఫలమైతే తప్పున్న లైన్ దానంతట అదే తెరుచుకోవాలి, కర్సర్ మొదటి తప్పు గడిలోకి వెళ్లాలి, కారణం ఆ గడి కిందే తెలుగులో కనబడాలి. పై పట్టీలో తప్పుల జాబితా ఉండి, ఒక్కోదాన్ని నొక్కితే ఆ గడికి చేరాలి. ఎరుపు రంగు ఒక్కటే గుర్తుగా పెట్టకండి. తప్పున్న గడిని, దాని సందేశాన్ని స్క్రీన్ రీడర్ (చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కూడా చదవగలగాలి. తప్పును గుర్తించి మాటల్లో చెప్పాలన్నది డబ్ల్యూసీఏజీలో (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలనే అంతర్జాతీయ మార్గదర్శకాలు) కనీస స్థాయి నియమం.

చోటు, కారణం సర్వర్ జవాబులో ఇప్పటికే ఉన్నాయి కనుక, ఎర్ర పట్టీ, లైన్ నంబర్ల సవరణలను 15 రోజుల్లో ఇవ్వగలరా? మిగతావాటికి తేదీలు రాతపూర్వకంగా తెలపండి. పై మెట్లన్నీ చూపే స్క్రీన్ రికార్డింగ్, సర్వర్ జవాబు కాపీ జతచేశాం. ఈసారి టికెట్ మూసేముందు వాటిని డెవలపర్ చూశారని నిర్ధారించండి.

ఇట్లు,
అకౌంట్స్ విభాగం

జత: స్క్రీన్ రికార్డింగ్ 1, సర్వర్ జవాబు కాపీ 1