గోడ మీది బూజుకు అద్దెదారునే తప్పుపట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

ముసురు పట్టి నాలుగు రోజులైతే చాలు, హైదరాబాద్‌లో అద్దె పోర్షన్లలో ఉండేవారి నోట ఒకటే మాట వినిపిస్తుంది: బీరువా వెనక గోడ నల్లబడిందని, తోలు చెప్పులకు, బెల్టులకు తెల్లగా బూజు పట్టిందని, మడతపెట్టిన బట్టలు ముక్కవాసన కొడుతున్నాయని. ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ మచ్చలే లెక్కలోకి వస్తాయి. ‘ఇల్లు శుభ్రంగా పెట్టుకోలేదు’ అంటూ యజమాని అడ్వాన్సులోంచి రంగుల ఖర్చు మినహాయించుకుంటారు. ఈ తగాదాలో అద్దెదారు తప్పు ఎంత, ఇంటి కట్టుబడిలో ఉన్న లోపం ఎంత అన్నది తేల్చకుండానే తీర్పు వెలువడుతోందన్నది నా అభ్యంతరం.

మొదట, గోడలోకి నీరు దిగడం వేరు, గోడ మీద తేమ చేరడం వేరు. మిద్దె మీద నిలిచిన నీరో, పగిలిన పైపు నీరో దిగితే మచ్చ ఒకచోట మొదలై, అంచులు గోధుమరంగు తేలి, వాన పడినప్పుడల్లా పెద్దదవుతుంది. నేలలోని చెమ్మ ఎక్కితే గోడ అడుగున పెచ్చులూడుతుంది. ఇవి రెండూ కాక, గది మూలల్లో, బీరువా వెనక, పరుపు ఆనుకున్న చోట నల్లని చుక్కలుగా మొదలయ్యేది గాలిలోని ఆవిరి చల్లని గోడను తాకి నీరుగా మారడం వల్ల వచ్చే బూజు. అనుమానం ఉన్నచోట జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచితే, కారణం చాలావరకు తెలిసిపోతుంది: తడి కాగితం పైవైపున చేరితే అది గాలిలోని ఆవిరి, గోడవైపున చేరితే గోడలోకి దిగిన నీరు.

ఇంత ఆవిరి ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవారు వంటగది వైపు చూడాలి. కిలో వంటగ్యాస్ మండితే దాదాపు కిలోన్నర నీరు ఆవిరిగా పుడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్ ఒకటి అయిపోయేలోగా, అన్నం గంజి ఆవిరి, పప్పు కుక్కర్ ఆవిరి కాక, కేవలం మంట నుంచే ఇరవై లీటర్లకు పైగా నీరు ఇంటి గాలిలో కలుస్తుంది. దానికి వేడినీళ్ల స్నానాలను, వానకు భయపడి హాల్లో దండెం కట్టి ఆరవేసిన బట్టలను కూడా కలుపుకోవాలి. గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉన్నప్పుడు దాదాపు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ గోడైనా మంచినీళ్ల చెంబులా చెమర్చక తప్పదు. పక్క పోర్షన్‌వారు రాత్రంతా ఏసీ వేసుకుంటే ఉమ్మడి గోడకు ఇవతల ఉన్నవారి గదిలో చెమ్మ చేరడానికి ఇదీ ఒక కారణమే.

ఈ ఆవిరి బయటకు పోయే దారి ఏదన్నదే అసలు ప్రశ్న. పాత ఇళ్లలో కిటికీ పైన, కప్పుకు దగ్గరగా, ఎప్పుడూ తెరిచి ఉండే వెంటిలేటర్ ఒకటి ఉండేది. వేడెక్కి పైకి చేరిన తేమగాలి అందులోంచి వెళ్లిపోయేది. ఇప్పుడు కొన్ని ఇళ్లలో దాన్ని ఫాల్స్ సీలింగ్ మూసేసింది, మరికొన్నిచోట్ల ఏసీ పైపులు దూర్చి మిగతా ఖాళీని అట్టముక్కలతో బిగించారు, కొత్త ఇళ్లలో చాలావాటిలో దాన్ని పెట్టడమే మానేశారు. జాతీయ భవన నిర్మాణ నియమావళి తలుపులు కాక కిటికీలు, వెంటిలేటర్ల వైశాల్యం పొడివేడి ప్రాంతాల్లో గది నేలలో పదో వంతు, తేమ ఎక్కువగా ఉండే వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలంటుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదికి తక్కువలో తక్కువ పది చదరపు అడుగులన్నమాట. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న స్లైడింగ్ కిటికీ కాగితం మీద ఆ లెక్కకు సరిపోతుంది కానీ, ఒక అద్దం మరోదాని వెనక్కి జరిగేదే కాబట్టి నిజానికి తెరుచుకునేది ఆరు చదరపు అడుగులే. వంటగది కిటికీ కనీసం ఒక చదరపు మీటరు ఉండి నేరుగా ఆరుబయటికి తెరుచుకోవాలని, గోడల మధ్య పైపుల కోసం వదిలే ఇరుకు ఖాళీ అయిన డక్ట్‌లోకి కాదని కూడా ఆ నియమావళిలో ఉంది. అద్దెకు చూసిన ఇళ్లలో ఈ షరతుకు ఎన్ని నిలుస్తాయో పాఠకులే చెప్పగలరు.

అద్దెదారులు చేయదగింది లేదనను. వండేటప్పుడు, స్నానం తర్వాత కనీసం పావుగంట ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాలి. అయితే తలుపులన్నీ బిగించి ఫ్యాన్ వేస్తే ప్రయోజనం లేదు, వెళ్లే గాలికి బదులు వచ్చే గాలికి తలుపు కిందో కిటికీలోనో సందు ఉండాలి. బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపాలి. కిటికీలు తెరవమనే సలహాకు మాత్రం ఒక సవరణ అవసరం: ఏసీ గదిని తెరిస్తే బయటి తేమ చల్లని గోడల మీదే చేరి పని చెడుతుంది. ఏసీ లేని గదుల్లో, వాన తెరిపిచ్చినప్పుడు ఎదురెదురు కిటికీలు తీసి సీలింగ్ ఫ్యాన్ వేయడం మేలు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి ఉబ్బసం, శ్వాసకోశ బాధలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి మార్గదర్శకాల్లోనే చెప్పింది కనుక, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్లలో దీన్ని గోడ అందానికి సంబంధించిన విషయంగా కొట్టిపారేయకూడదు.

కానీ కిటికీయే లేని గదిలో కిటికీ తెరవమని ఎవరికి చెబుతాం? యజమానులు సాధారణంగా చేసేది, కొత్తవారు చేరేముందు మచ్చ మీద పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింట్ వేయించడం. (వెనకటి వెల్ల సున్నం చెమ్మను పీల్చి వదిలేది, దాని క్షారగుణానికి బూజు అంత తేలిగ్గా పట్టేదీ కాదు; ఆ సంగతి మేస్త్రీలకు తెలుసు కానీ అడిగేవారు లేరు.) కింద తేమ అలాగే ఉంటుంది గనుక మరుసటి శ్రావణానికి మచ్చ తిరిగి తేలుతుంది, ఆ నింద ఈసారి కొత్త అద్దెదారు మీద పడుతుంది. మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను బిగింపుతో సహా పెట్టించినా ఒక గది మొత్తానికి రంగు వేయించే ఖర్చంత కాదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించి రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, కట్టడపు మరమ్మతులను, గోడలకు సున్నం వేయించడాన్ని యజమాని బాధ్యతగానే పేర్కొంది. మన దగ్గర రాసుకునే పదకొండు నెలల ఒప్పందాల్లో మాత్రం రంగుల ఖర్చు అద్దెదారుదేనన్న వాక్యం అచ్చేసినట్లు ఉంటుంది. గాలి పారే దారి లేకపోవడం వల్ల వచ్చిన బూజును అద్దెదారు చేసిన నష్టంగా లెక్కించరాదన్న వాక్యం కూడా అందులో చేరాలి. చేరే రోజున గోడల ఫొటోలు తీసి ఇద్దరూ సంతకాలు చేసిన కాగితానికి జతచేసుకుంటే సగం తగాదాలు అక్కడే ఆగుతాయి.

అధికారులకు నా విన్నపం ఒకటి ఉంది. భవన అనుమతుల కోసం తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు అనుమతి అవసరం లేకుండా నమోదు సరిపోతుందని చెప్పింది. పేదలకు అది మేలే. అయితే అంతస్తుకొక పోర్షన్ చొప్పున అద్దెకిచ్చేవి ఎక్కువగా ఇలాంటి ఇరుకు స్థలాల్లోని ఇళ్లే. నమోదు సమయంలో ప్రతి గదికి, వంటగదికి, స్నానాలగదికి బయటి గాలి ఎటునుంచి వస్తుందో చూపే ఒక్క పటాన్ని తప్పనిసరి చేసి, అలాంటి ఇళ్లలో కొన్నింటినైనా వానాకాలంలో సిబ్బంది వెళ్లి చూసేలా పురపాలక శాఖ ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
హైదరాబాద్