వార్షిక నివేదిక 2024–25: తోట, తేనెటీగలు, మైనం క్రీము

సభ్యులకు నమస్కారం. జమాఖర్చులు, లిఫ్టు మరమ్మతు వివరాలు నోటీసుబోర్డు మీద ఉన్నాయి. ఏడాదంతా అందరూ నన్ను ఆపి అడిగింది తోట గురించే కాబట్టి ఇక్కడ అదే రాస్తున్నాను.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అంతకుముందు సంవత్సరం నీళ్ల ట్యాంకు కింద పట్టిన కొండ తేనెటీగల తుట్టెను రాత్రిపూట కాల్పించాం. ఆ తీర్మానం మీద సంతకం నాదే. మళ్లీ అదే చోట తుట్టె పట్టినప్పుడు వ్యవసాయం చదివిన ఒక సభ్యురాలు అడ్డుపడ్డారు. ఇవి పెట్టెల్లో పెంచే జాతి కాదు, పూతలను బట్టి చోటు మారుస్తుంటాయి, కదిలించకపోతే అవే వెళ్లిపోతాయి అన్నారు. డాబా తలుపుకు తాళం వేసి, ట్యాంకు దగ్గరి లైటు తీయించాం. రాత్రి వెలుగు కనిపిస్తే అవి దాని మీదికి వస్తాయి. జూన్‌లో తొలకరికి ముందే తుట్టె ఖాళీ అయింది. ఈలోగా ఒక్కరినే కుట్టాయి, అదీ కర్రతో కదిలించబోయినందుకు. ఆయన ఎవరో మీకు తెలుసు.

ఖాళీ తుట్టెకు పురుగు పట్టకముందే దించి, గుడ్డలో మూటకట్టి నీళ్లలో మరిగించాం. చల్లారాక పైన పసుప్పచ్చని బిళ్ల తేలింది: 450 గ్రాముల మైనం. అప్పటివరకు ఒంటికి రాసుకునే క్రీము చేయడానికి బజారు మైనంతో కుస్తీ పడుతున్న మహిళా సభ్యులకు అది పండగ.

క్రీము కథ అంత సులువుగా సాగలేదు. మే నెలలో ఒక భాగం మైనానికి అయిదు భాగాలు కొబ్బరినూనె కలిపితే హైదరాబాద్ ఎండకు డబ్బాలోనే జారిపోయింది. భయపడి డిసెంబరులో నూనె మూడు భాగాలకు తగ్గిస్తే గోరుతో గీకాల్సి వచ్చింది. అంటే రెండుసార్లూ తలకిందులుగా చేశాం. ఇప్పుడు ఎండాకాలానికి మూడు, చలికాలానికి అయిదు. మైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టకుండా, వేడినీళ్లలో నిలిపిన గిన్నెలో కరిగిస్తున్నాం. ఎవరో ముచ్చటపడి గులాబీ పన్నీరు కలిపిన డబ్బాలన్నిటికీ బూజు పట్టింది. నీటి చుక్క కలిస్తే నిల్వ మందు తప్పదు. అది వద్దనుకున్నాం కనుక పన్నీరూ వద్దు. కొత్తగా వాడేవారు ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి, కొందరికి మైనం పడదు.

అమ్మకానికి పెట్టమని చాలామంది అడిగారు. సౌందర్య సాధనాల నియమాలు, 2020 ప్రకారం తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి. అందుకని సభ్యులకు ఊరికే పంచాం. మైనం అయిపోయింది, వరుసలో ఉన్నవారు మన్నించాలి.

తోటలో చేసినదానికన్నా మానేసినదే ఎక్కువ. నిమ్మ పూతమీద మందు కొట్టడం మానేశాం. కొత్తిమీర, రుద్రజడ మళ్లను పూతకు వదిలేశాం. మడి చూడటానికి ముదిరిన పెరడులా ఉందని ఫిర్యాదు వచ్చింది, నిజమే. తులసి వెన్నులు తుంచకపోతే మొక్క గిడసబారుతుందని పెద్దలు అన్నారు. సగం తుంచి సగం ఉంచేలా రాజీ కుదిరింది. వెడల్పు మూకుళ్లలో గులకరాళ్లు వేసి నీళ్లు పెడుతున్నాం, రాళ్లు లేకపోతే తాగడానికి వచ్చిన తేనెటీగలు మునిగిపోతాయి. దోమలు పెరగకుండా ఆ నీళ్లు రోజూ మార్చాలి, ఈ పనికి మనుషులు చాలడం లేదు.

ట్యాంకు కింద ఈ ఏడాదీ తుట్టె పట్టింది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది. దయచేసి అడగకండి.

— కార్యదర్శి