సర్పంచి ఎన్నికకు ప్రాధాన్య ఓటు: మూడు గడులు చాలు

సంపాదకులకు,

సర్పంచి బరిలో నలుగురు గట్టివాళ్లు దిగితే మూడో వంతు ఓట్లకే కుర్చీ దక్కుతుంది. మిగతా రెండు వంతుల ఓటర్లు ఐదేళ్లు చూస్తూ ఊరుకోవాలి. దీనికి ప్రాధాన్య ఓటు సరైన మందే: ఓటరు తన ఇష్టాలను ఒకటి, రెండు, మూడు అని వరుసగా చెబుతాడు, ఆఖరున నిలిచినవారిని తప్పించి వారి ఓట్లను తర్వాతి ఇష్టానికి మారుస్తారు. కాకపోతే పట్టభద్రుల ఎమ్మెల్సీ పద్ధతిని ఉన్నదున్నట్టు ఊళ్లోకి దించితే చెల్లని ఓట్ల గుట్టే మిగులుతుంది.

ఆ ఎన్నికలో పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వేయాలి. 1 వేయకపోయినా, ఇద్దరికి 1 వేసినా, ఒకరికే 1, 2 రెండూ వేసినా ఓటు పోయినట్టే. టిక్కు పెట్టినా, ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, కింద సంతకం చేసినా అంతే. 2025 ఫిబ్రవరిలో కరీంనగర్-మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్ పట్టభద్రుల స్థానంలో పోలైన సుమారు రెండున్నర లక్షల ఓట్లలో 28 వేలకు పైగా చెల్లలేదు. వేసినవాళ్లంతా డిగ్రీ చదివినవాళ్లే!

కాబట్టి ఊళ్లో అంకెలు వద్దు, పెన్నూ వద్దు. జనానికి అలవాటైన స్వస్తిక్ ముద్రే ఉంచి, ప్రతి గుర్తు పక్కన మూడు గడులు గీస్తే చాలు: మొదటి ఇష్టం, రెండో ఇష్టం, మూడో ఇష్టం. నిలువు వరుసకు ఒక్క ముద్ర. మొదటి వరుసలో ఒకే ముద్ర ఉంటే ఓటు చెల్లుతుంది. తర్వాతి వరుసల్లో పొరపాటు జరిగితే ఓటు అక్కడితో ఆగాలే తప్ప మొత్తం రద్దు కాకూడదు. మూడు గడుల్లోనూ ఒకే గుర్తుకు గుద్దేవాళ్లు తప్పకుండా ఉంటారు, అలాగైతే ఓటు గట్టిగా పడుతుందనుకుని. దాన్ని ఆ అభ్యర్థికి మొదటి ఓటుగా లెక్కించాలి.

మడత దగ్గర ఇంకో చిక్కుంది. కాగితాన్ని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవమని చెప్పేది తడి సిరా పక్క అభ్యర్థి మీద అంటకూడదనే. స్వస్తిక్ ముద్ర అంటుకుంటే తిరగబడి పడుతుంది కాబట్టి ఏది అసలో, ఏది మరకో లెక్కింపు బల్ల దగ్గర పోల్చుకోవచ్చు. కానీ మడత గీత గడుల మధ్యగా పోతే మొదటి గడిలో వేసిన ముద్ర మూడో గడిలో అచ్చవుతుంది, ఏజెంట్లు గొడవకు దిగుతారు. మూడు గడులనూ మడత గీతకు కుడివైపే అచ్చువేయాలి. అప్పుడు మరక పేరు మీదో గుర్తు మీదో పడుతుంది, ఎవరికీ నష్టం లేదు.

లెక్కింపు ఎలా సాగుతుందో ఒక ఊహా ఊరితో చూద్దాం. చెల్లిన ఓట్లు 1,200. కోటా, అంటే గెలుపుకు కావలసిన ఓట్లు, అందులో సగానికి ఒకటి కలిపి 601. మొదటి ఓట్లు ఉంగరానికి 420, కత్తెరకు 390, ఫుట్‌బాల్‌కు 240, బ్యాట్‌కు 150. ఇప్పటి పద్ధతిలో ఉంగరం గెలిచినట్టే. ప్రాధాన్య ఓటులో ఎవరికీ కోటా రాలేదు కాబట్టి ఆఖరున ఉన్న బ్యాట్‌ను తప్పించి, దాని కట్ట విప్పి రెండో ఇష్టం చూస్తారు: ఉంగరానికి 25, కత్తెరకు 45, ఫుట్‌బాల్‌కు 60 వెళ్తాయి, రెండో ముద్ర లేని 20 పక్కకు పోతాయి. తర్వాత ఫుట్‌బాల్ దగ్గరున్న 300 విప్పితే ఉంగరానికి 95, కత్తెరకు 165, పక్కకు 40. చివరికి ఉంగరం 540, కత్తెర 600. కత్తెర గెలిచింది, కోటాకు ఒక ఓటు తక్కువతో! బరిలో ఇద్దరే మిగిలాక కోటా చూడనక్కర్లేదు, ఎక్కువ ఉన్నవారే విజేత. ఈ మాట నియమాల్లో స్పష్టంగా లేకపోతే ఓడినవారు కోర్టుకెళ్తారు. చివరి స్థానంలో ఇద్దరు సమానమైతే మొదటి ఓట్లు తక్కువున్నవారిని తప్పించాలి, అవీ సమానమైతే చీటీ తీయాలి.

2021లో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల స్థానం లెక్కింపు నాలుగు రోజులు సాగిందని భయపెట్టేవారుంటారు. అక్కడ బరిలో 71 మంది. పై ఊళ్లో మొదటి లెక్క తర్వాత మళ్లీ ముట్టుకున్నవి 150, ఆపై 300 కాగితాలు మాత్రమే. మధ్యాహ్నం రెండింటికి లెక్కింపు మొదలయ్యే తెలంగాణ పంచాయతీల్లో చీకటిపడేలోపు అయిపోయే పనే. నూరు ఓట్ల వార్డు సభ్యుడి ఎన్నికకు ఈ హంగామా అక్కర్లేదు.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. ఓటు కొన్నవాడు ‘ఒకటి నాకు, రెండు ఫలానావాడికి, మూడు ఫలానావాడికి’ అని ఇంటికో వరుస చెప్పి పంపగలడు. ఆరుగురు బరిలో ఉంటే రెండు, మూడు స్థానాలకే 20 రకాల వరుసలొస్తాయి. బల్ల దగ్గరి ఏజెంటు వాటిని చూసి ఎవరు మాట తప్పారో పసిగడతాడు. అందుకే ఇష్టాలు మూడుకు మించకూడదు, అన్ని వార్డుల సర్పంచి ఓట్లనూ ఒకే డ్రమ్ములో కలిపాకే కట్టలు కట్టాలి.

ఈ పద్ధతిలోనూ లోపముంది. అమెరికాలోని బర్లింగ్టన్‌లో 2009 మేయర్ ఎన్నికలో ఎవరితో ముఖాముఖి పోటీపడినా గెలవగలిగిన అభ్యర్థి, మొదటి ఓట్లు తక్కువై మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడే అక్కడ ఓటర్లు ఈ పద్ధతిని రద్దు చేశారు. అయినా మూడో వంతుతో గెలవడం కన్నా ఇది నయం. పైగా ‘మన ఓటు చీలుతుంది, నామినేషన్ వెనక్కి తీసుకో’ అనే బేరానికి పస తగ్గుతుంది.

రెండో ఓటు ఫలితాన్ని తేల్చడం మనకు తెలియనిదేం కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కోటా 4,18,169 కాగా మొదటి ఓట్లతో వి.వి.గిరికి 4,01,515 విలువే వచ్చింది. రెండో ప్రాధాన్యం కలిశాక ఆయన 4,20,077కు చేరి మన నీలం సంజీవరెడ్డిపై గెలిచారు.

రాజ్యాంగ సవరణ అవసరం లేదు. గ్రామ పంచాయతీ అధ్యక్షుణ్ని ఎలా ఎన్నుకోవాలో నిర్ణయించే అధికారాన్ని 243సి అధికరణం రాష్ట్ర శాసనసభకే ఇచ్చింది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టాన్నీ, దాని కింది ఎన్నికల నియమాలనూ సవరిస్తే సరిపోతుంది. ఓటు ఇంకా కాగితం మీదే కాబట్టి యంత్రాల బెడదా లేదు. ముందుగా మండలానికో ఊళ్లో నమూనా బ్యాలెట్‌తో ఉపాధి హామీ కూలీల చేత ముద్రలు వేయించి, చెల్లనివి ఎన్నో, ఏ గడిలో తప్పు జరిగిందో లెక్కపెట్టి, ఆ తర్వాతే అసలు కాగితం అచ్చుకివ్వాలి.

– ఒక పాఠకుడు, జనగామ