మా ఎనిమిది జిల్లాల బడులకు సైకాలజిస్టులను ఇవ్వండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. విద్యాశాఖను మీరే చూస్తున్నారు కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాను. నేను నల్లగొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పీఆర్సీ గురించో బదిలీల గురించో రాయడం లేదు. వాటికి సంఘాలున్నాయి, గొంతున్న నాయకులున్నారు. నేను అడగబోయే పోస్టు కోసం ఎవరైనా ధర్నా చేసినట్టు మాత్రం ఇప్పటిదాకా వినలేదు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి పాలమూరు కలిపి ఇప్పుడు ఎనిమిది జిల్లాలు. ఒక్కో జిల్లాకు ఒక ఎడ్యుకేషనల్ సైకాలజిస్టును, బడి నుంచి బడికి తిరిగే మనిషిని, రెగ్యులర్ పోస్టులో ఇవ్వండి.

సైకాలజిస్ట్ అనగానే మా స్టాఫ్‌రూమ్‌లోనే ఒకాయన "మన పిల్లలకు పిచ్చి పట్టిందా మేడం?" అని నవ్వారు. ఇక ఊళ్ళో వాళ్ళు అలా అనుకుంటే తప్పు పట్టలేం. మందులు రాసేది సైకియాట్రిస్టు. విడిగా కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది స్పెషల్ టీచర్. ఒక పిల్లవాడికి చదువు ఎందుకు ఎక్కడం లేదో, ఎందుకు బడికి రానంటున్నాడో, పక్కవాణ్ణి ఎందుకు కొడుతున్నాడో కనిపెట్టి, పాఠం చెప్పే టీచర్‌తోనూ ఇంట్లోవాళ్ళతోనూ కూర్చుని ఏం మార్చాలో తేల్చేది ఎడ్యుకేషనల్ సైకాలజిస్టు. తేల్చి వెళ్ళిపోవడంతో పని అయిపోదు. మారిందా లేదా అని మళ్ళీ వచ్చి చూడాలి.

ఇప్పుడు ఆ పని మేమే చేస్తున్నాం, మాకు వచ్చినట్టు. జూన్‌లో బేస్‌లైన్ టెస్ట్ పెడతాం. చదవడం రానివాళ్ళ పేర్ల ఎదురుగా ఒక గ్రేడ్ వేస్తాం. మాటల్లో 'స్లో లర్నర్' అంటాం, కోపమొస్తే ఇంకో మాట కూడా అంటాం. ఆ ఒక్క గడిలో ఎన్ని రకాల పిల్లలున్నారో చూడండి. చెవిలో చీము కారి సగం మాటలు వినపడని పిల్ల ఉంటుంది. కళ్ళజోడు కావాల్సి ఉండీ లేనివాడు ఉంటాడు. అమ్మానాన్నల వెంట ముంబై, పుణె తిరిగి, రెండు తరగతులు ఏ బడిలోనూ చదవకుండా వయసును బట్టి నేరుగా ఏడులో చేరినవాడు ఉంటాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో తెలుగు పట్టుబడుతుండగానే 2022–23లో మీడియం ఇంగ్లిష్‌లోకి మారిపోయినవాడు ఉంటాడు. ఇంట్లో తాగుడు, గొడవలతో రాత్రంతా నిద్రలేని పిల్ల, మేధో వైకల్యం ఉన్న పిల్ల, నిజంగానే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం పట్టుబడని ఇబ్బంది) ఉన్నవాడు, అందరూ అక్కడే. అందరికీ మేమిచ్చే మందు ఒకటే, సాయంత్రం స్పెషల్ క్లాస్.

మా బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒకతని సంగతి చెప్తాను. పేరు, తండా పేరు రాయను. కిలో నలభై అయితే కిలోంపావు ఎంతరా అంటే ఆలోచించకుండా యాభై అంటాడు. అదే లెక్క పుస్తకంలో వాక్యంగా ఉంటే పెన్ను కదలదు. తెలుగు చదవమంటే 'మ'ను 'య' అంటాడు, ఒత్తులు వదిలేస్తాడు, సగం మాట చూసి మిగతా సగం ఊహిస్తాడు. బోర్డు మీదిది నోట్‌బుక్‌లోకి ఎక్కించేసరికి పీరియడ్ అయిపోతుంది. "మా పోరడు తెలివిగల్లోడే మేడం, బడిలనే ఎందుకో నోరు తెర్వడు" అంది వాళ్ళమ్మ. పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే టీం బడికి వచ్చినప్పుడు కళ్ళు, చెవులు చూపించాం. బాగానే ఉన్నాయన్నారు. ఇక మిగిలింది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన మేధో వైకల్యాల జాతీయ సంస్థ. పెద్ద సంస్థే, కానీ మాకు వంద కిలోమీటర్ల పైమాట. పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకుని, బస్సులు మారి, మళ్ళీ రిపోర్టు కోసం తిరగమని ఆ తల్లికి ఏ నోటితో చెప్పాలి? వాళ్ళు వెళ్ళలేదు. అతను వెనక బెంచీలో బుద్ధిగా కూర్చుంటాడు. అల్లరి చేయడు కాబట్టి ఎవరి లెక్కలోకీ రాడు.

జిల్లాలో సైకాలజిస్ట్ ఉంటే ముందుగా అతన్ని గదిలోకి పిలిచి పరీక్ష పెట్టరు. క్లాసులో వెనక కూర్చుని అతన్నీ, నా పాఠాన్నీ గమనిస్తారు. (నా పాఠాన్ని కూడా చూస్తారంటే కాస్త టెన్షనే, కానీ కావాల్సిందీ అదే.) నోట్‌బుక్కులు తిరగేస్తారు. మాటలు ఏ వయసులో వచ్చాయి, ఎన్ని బడులు మారాడు, ఇంట్లో ఇంకెవరికైనా చదవడం కష్టమైందా అని తల్లిని అడుగుతారు. ఆ తర్వాతే పరీక్షలు. వాటిలో మాటలతో పని లేకుండా, బొమ్మల వరసలో తప్పిపోయిన ముక్కను పట్టుకునేవి ఉంటాయి. అవి బాగా చేసి చదవడంలో మాత్రమే వెనకబడితే ఒక దారి, అన్నిటిలోనూ కష్టపడితే ఇంకో దారి, లంబాడీలో అడిగితే చెప్పి తెలుగులో ఆగిపోతే వేరే దారి. మూడోవాడికి వైకల్యమే లేదు, బడి భాష రాలేదంతే. వీళ్ళను కలిపేసి సాయంత్రం ఎన్ని గంటలు కూర్చోబెట్టినా లాభం లేదు.

ఆ తర్వాత నాకు కొన్ని పనులు చెప్తారు. లెక్కను నేనే చదివి వినిపించాలి. బోర్డు మీది రాతను కాగితం మీద ఇవ్వాలి. అప్పుడప్పుడు జవాబు నోటితో తీసుకోవాలి. అందరి ముందు నిలబెట్టి గట్టిగా చదవమనకూడదు. గుణింతాలూ ఒత్తులూ విడగొట్టి రోజూ కాసేపు ఎలా చేయించాలో తెలుగు టీచర్‌కు పక్కన కూర్చుని చూపిస్తారు. రెండు నెలలు పోయాక వచ్చి, పని చేయనిదాన్ని మారుస్తారు. ఖరీదైన పరికరం ఒక్కటీ అక్కర్లేదు. మనిషి కావాలి.

చట్టాలకు కొదవ లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. బడులు వాటిని వీలైనంత తొందరగా గుర్తించి తగినట్టు బోధించేలా చూడాలని అందులోని 16వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పింది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పది మంది పిల్లలకు, ఆపై తరగతుల్లో ప్రతి పదిహేను మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. మీ ప్రభుత్వం 2024 డీఎస్సీ నోటిఫికేషన్‌లో 11,062 పోస్టులు చూపిస్తే, అందులో 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. అయితే ఏ బిడ్డకు ఏం కావాలో తేల్చకుండా స్పెషల్ టీచర్ చేతికి అప్పగిస్తే ఆ టీచర్ మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. వంద మంది, అంతకు మించి ఉన్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్, సోషల్ వర్కర్లలో ఒక్కరైనా ఉండాలని, అంతకన్నా చిన్న బడులకు బయటి నిపుణులతో సంబంధం పెట్టాలని. మా బడిలో పిల్లలు వందకు పైనే. తీర్పు వచ్చింది, మనిషి ఇంకా రాలేదు.

ఈ తీర్పును ఎలా అమలు చేస్తారోనని నాకు ఇంకో భయం. పదో తరగతి పరీక్షల ముందు ఒక మోటివేషనల్ స్పీకర్‌ను పిలిచి, ఎండలో పిల్లల్ని కూర్చోబెట్టి, మైకులో "నేను సాధిస్తాను" అని మూడుసార్లు అనిపించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టేసి పని అయిపోయిందనుకుంటామేమోనని. పోయినసారి ఆ కేకలు మా ఆరో తరగతి వాళ్ళకు బాగా నచ్చాయి, పదో తరగతి వాళ్ళు మాత్రం గడియారం చూసుకున్నారు. రాత్రిపూట భయమేసిన పిల్లలకు 14416 టెలీ మానస్ ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబర్ ఉంది, అది ప్రతి నోటీసు బోర్డు మీదా ఉండాలి. కానీ భయం ఫిబ్రవరిలో పుట్టదు. నాలుగో తరగతిలో చదవడం రాకుండా పైకి వచ్చిన పిల్లకు ఆరేళ్ళుగా పెరుగుతూ వచ్చింది.

గుర్తించడానికి యాప్ ఉంది కదా అని అధికారులు అనొచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ చెక్‌లిస్ట్ 2022 నుంచి ఉంది, ప్రశ్నలు కూడా బాగున్నాయి. టీచర్ టిక్కులు పెట్టాక అనుమానం మాత్రమే తేలుతుంది, సంగతి తేలదు. ఆ తర్వాత ఆ పిల్లను చూడాల్సింది ఎవరు? ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు మంచివాళ్ళు, చాలీచాలని జీతాలతో మంచం దిగలేని పిల్లల ఇళ్ళకు కూడా వెళ్తారు. ఈ భారం కూడా వాళ్ళ నెత్తినే పెట్టడం అన్యాయం. ఇక వైకల్య సర్టిఫికెట్ క్యాంపులో క్యూ చూస్తే, ఒక్కో బిడ్డ దగ్గర ఎంతసేపు కూర్చోగలరో అర్థమవుతుంది. 40 శాతం దాటిందా లేదా అన్నది పింఛనుకు కావాల్సిన లెక్క. రేపు పొద్దున క్లాసులో నేనేం చేయాలో ఆ కాగితంలో ఉండదు.

మీరు వంగూరు మండలం కొండారెడ్డిపల్లి నుంచి వచ్చినవారు. పాలమూరు వలస అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో ఆగస్టు, సెప్టెంబర్ క్రాసింగ్ (పూలకు చేత్తో పరాగం అద్దే) పనులకు పోయి వచ్చిన పిల్ల అక్టోబర్‌లో వెనకబడి కనిపిస్తే, అది బుర్ర తక్కువతనం కాదని తెలిసిన మనిషి కావాలి. నారాయణపేట సరిహద్దు ఊళ్ళలో కన్నడం, నల్లమల పెంటల్లో (అడవిలోని చెంచు గూడేల్లో) చెంచుల మాట, మా తండాల్లో లంబాడీ తెలియకుండా హైదరాబాద్ నుంచి వచ్చి గంటలో పరీక్ష పెట్టి వెళ్తే తప్పుడు ముద్ర పడుతుంది, అది టీసీతో పాటు బిడ్డ వెంటే వస్తుంది. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరోసిస్ బాధ ఢిల్లీ దాకా వినపడింది, వంగిన ఎముకలు కంటికి కనిపించాయి కాబట్టి. అప్పటికే దశాబ్దాలు గడిచాయి. చదవలేకపోవడం ఎవరి కంటికీ కనిపించదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. లండన్ కౌంటీ కౌన్సిల్ 1913లోనే బడుల కోసం ఒక సైకాలజిస్టును పెట్టుకుంది. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చట్టబద్ధమైన ప్లాన్ రాయాలంటే ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ సలహా తప్పనిసరి. ఆ ప్లాన్ అవసరమైతే 25 ఏళ్ళ వయసు దాకా నడుస్తుంది. అక్కడా మనుషుల కొరత ఉంది, తల్లిదండ్రులు నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. ఎదురుచూడటానికి వాళ్ళకు ఒక పోస్టంటూ ఉంది.

ఎనిమిది మంది సరిపోరని నాకూ తెలుసు, నేను లెక్కల టీచర్‌నే. మొదలు అక్కడ పెట్టండి. డీఈఓ ఆఫీసులో ఫైళ్ళ దగ్గర కూర్చోబెట్టకండి. మండలాల వారీగా తిరిగే షెడ్యూలు ఇచ్చి, భవిత కేంద్రాన్ని, జిల్లా ఆసుపత్రిని, స్పెషల్ టీచర్లను వాళ్ళతో కలపండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో మాకు క్లాసులు చెప్పించండి. కొట్టకుండా క్లాసును ఎలా నడపాలో మాకూ ఎవరో ఒకరు చూపించాలి. విద్యాహక్కు చట్టం కొట్టడాన్ని ఎప్పుడో నిషేధించింది, బదులుగా ఏం చేయాలో మాత్రం మాకు నేర్పినవాళ్ళు లేరు. పిల్లల ఫైలు హెచ్‌ఎం బీరువాలో తాళం వేసి ఉండాలి, వాట్సాప్ గ్రూపులో కాదు. తల్లిదండ్రులకు చెప్పకుండా ఏ పరీక్షా పెట్టకూడదు. ఈ సైకాలజిస్టుల పనితీరును టెన్త్ పాస్ పర్సంటేజీతో మాత్రం కొలవకండి, దయచేసి.

మనుషులు ఎక్కడున్నారంటారేమో. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది, నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది. మనోవికాస్ నగర్ సంస్థతో కలిసి స్కూల్ సైకాలజీ కోర్సు నడపమని వాటిని అడగండి. తండాల నుంచి, పెంటల నుంచి డిగ్రీ చేసి వచ్చిన పిల్లలకు అందులో సీట్లు, స్టైపెండ్ ఇవ్వండి. యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాలు కడుతున్నారు కదా, వేల మంది పిల్లలు ఇల్లు వదిలి వచ్చి ఉండే చోట్లు అవి. ఆ ప్లాన్లలో సైకాలజిస్టుకు తలుపున్న గది ఒకటి ఉందో లేదో చూడమని మీ అధికారులకు చెప్పండి. స్టోర్‌రూమ్ పక్కన కర్టెన్ కట్టిన మూల సరిపోదు.

జూన్ 12న బడులు తెరిచేలోగా జీవో వస్తే, వచ్చే బేస్‌లైన్ టెస్టు నాటికి మా జాబితా చూడటానికి ఒకరు ఉంటారు. ఆ జీవోలో వాహన భత్యం కూడా రాయించండి. చందంపేట, నేరేడుగొమ్ము, అమ్రాబాద్, పదర మండలాల్లో చాలా ఊళ్ళకు పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. భత్యం లేకపోతే ఆ మనిషి రోడ్డు పక్క బడులకే పరిమితమవుతారు.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల,
దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా