పశువుల ఆసుపత్రుల్లో రక్తపరీక్ష ఏది?

సంపాదకులకు,

ఈనిన గేదెకు మూత్రం ఎర్రగా వస్తే మా గుంటూరు పల్లెల్లో చాలామంది పిడుదుల వల్ల వచ్చే జ్వరమే అనుకుని దానికే సూది వేయిస్తారు, కానీ రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయినా ఎర్రకణాలు పగిలి అచ్చం అలాగే వస్తుంది, మందు మాత్రం పూర్తిగా వేరు. తేల్చేది రక్తపరీక్షే. శాంపిల్ గన్నవరం వెటర్నరీ కాలేజీకి పంపుదామంటే, సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు) వేరుచేయకుండా ఎండలో మోసుకెళ్లిన రక్తంలో కణాల్లోని ఫాస్ఫరస్ బయటికొచ్చి, తక్కువున్నది కూడా సరిపడా ఉన్నట్టు రిపోర్టులో కనిపించొచ్చు, దాన్ని నమ్మితే గేదె ప్రాణానికే ముప్పు. మనుషులకు వీధికో ల్యాబ్ ఉంది కదా! ప్రతి మండల పశువైద్యశాలకు కనీసం రక్తాన్ని గిర్రున తిప్పి సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్, ఫ్రిజ్, నియోజకవర్గానికొక బయోకెమిస్ట్రీ అనలైజర్ (రక్తంలో ఫాస్ఫరస్ లాంటివి ఎంతున్నాయో కొలిచే మిషన్), దాన్ని నడిపే టెక్నీషియన్ కావాలి. మిషన్ ఇచ్చి రసాయనాలు ఇవ్వకపోతే మూలపడుతుంది, ఆ బడ్జెట్ కూడా కలిపే ఇవ్వండి.

– ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా