మీ సైటు కొత్త డిజైన్ మీద ఒక పాత పాఠకుడి ఫిర్యాదు

డిజైన్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ సైటు కొత్త రూపంలో వ్యాసాలు చదవలేకపోవడం గురించి

నమస్కారమండీ.

మీ సైటును పదకొండేళ్లుగా చదువుతున్నాను. పోయిన నెలలో మీరు రూపం మార్చినప్పుడు, కొత్త చెప్పు నాలుగు రోజులు కరుస్తుంది, తర్వాత అదే సర్దుకుంటుంది అనుకున్నాను. నెల దాటింది, ఇంకా కరుస్తూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నిన్న రాత్రి ఫోన్‌లో ఒక వ్యాసం తెరిచి, అది మొదలుపెట్టేలోపు ఏమేం అడ్డొచ్చాయో కాగితం మీద రాసుకున్నాను. ముందు అడుగున కుకీల పట్టీ. దాన్ని మూస్తుండగానే నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగింది. తర్వాత యాప్ వేసుకోమంటూ పైన ఒక బ్యానర్. ఈలోగా మూలన ఒక వీడియో తనంతట తానే మొదలైంది, దానికీ వ్యాసానికీ ఏ సంబంధమూ లేదు. అన్నీ వదిలించుకుని రెండు లైన్లు చదివానో లేదో, తెర మొత్తాన్ని కప్పేస్తూ ఒక పాప్-అప్: వారం వారం వ్యాసాలు పంపుతాం, మీ ఈమెయిల్ ఇవ్వండి అని. చేతిలో ఉన్న వ్యాసమే ఎలా ఉందో ఇంకా తెలియని మనిషిని వచ్చేవారం వ్యాసాలు కావాలా అని అడిగితే ఏం చెబుతాడు?

ఆ పాప్-అప్‌లో రెండు బటన్లు ఉన్నాయి. పెద్దగా, రంగులో "అవును, పంపండి". దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో "వద్దు, నాకు కొత్త విషయాలు తెలుసుకోవాలని లేదు". తెలుసుకోవాలని లేనివాణ్ని మీ సైటుకు ఎందుకు వస్తానండీ? వద్దన్నవాడిని సిగ్గుపడేలా చేసే ఈ పద్ధతికి కన్ఫర్మ్‌షేమింగ్ అని పేరు కూడా ఉంది. ఇలాంటి ఎత్తుగడలన్నిటినీ కలిపి డార్క్ ప్యాటర్న్స్ అని 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ పేరు పెట్టారు. పాప్-అప్ ప్రకటనలకు తొలి రోజుల్లో కోడ్ రాసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. మీరేమో అదే పాప్-అప్‌ను పోయిన నెలలో కొత్తగా తెచ్చిపెట్టారు.

ఇక అక్షరాల రంగు. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు. ముందు నా కళ్ళనే అనుమానించాను. వయసు మీద పడింది కదా అని వెళ్లి పరీక్ష చేయించుకుంటే, అద్దాల నంబరు మారలేదన్నారు. అప్పుడు మా అబ్బాయి మీ పేజీలో రంగు కోడ్ చూసి చెప్పాడు: 999999. తెలుపు మీద ఆ రంగు కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ పేజీకీ మధ్య వెలుగు తేడా, 2.85కి 1. వెబ్ ప్రమాణాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం వారి యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో, అంటే చూపు సరిగా లేనివాళ్లు కూడా సైటు వాడగలిగేలా పెట్టిన నియమాల్లో, మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కి 1 ఉండాలని 2008 నుంచీ ఉంది. అదే బూడిదరంగును 767676 దాకా ముదురు చేసినా ఆ గీత దాటేవారు. నల్లటి అక్షరాలే పెట్టమని నేను అడగను గానీ, పెడితే మాత్రం దండం పెడతాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాడిని. తెలుగు అక్షరం లైను మీద ఒక్కటే నిలబడదు. పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. "రాష్ట్రం" అన్న మాటలో ష కింద రెండు వత్తులు ఉంటాయి. వాటికి చోటు కావాలి. మీ కొత్త డిజైన్‌లో లైనుకీ లైనుకీ మధ్య దూరం అక్షరం సైజుకు 1.2 రెట్లు. ఇంగ్లిష్ శీర్షికకు అది సరిపోతుందేమో. తెలుగులో మాత్రం పై లైను వత్తు కింది లైను గుడిలో ఇరుక్కుంటోంది. శీర్షికలనైతే ఒక పెట్టెలో బిగించారు, ఆ పెట్టె అంచు దగ్గర వత్తులు సగానికి తెగిపోతున్నాయి. మొన్న ఒక శీర్షికలో "పద్యం" అన్న మాట కింద వత్తు కనబడక "పదం" అని చదివాను. పద్యం గురించిన వ్యాసం అని లోపలికి వెళితే గానీ తెలియలేదు. అచ్చులో ఇలా వస్తే మా ఫోర్‌మన్ ఆ పేజీని మెషీన్ ఎక్కనిచ్చేవాడు కాదు.

ఇది చాలదన్నట్టు, పేరాలను రెండు అంచులకీ సమానంగా సాగదీశారు. అచ్చు పుస్తకంలో అది అందంగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ లైను పొడుగు, పైగా మాటను అవసరమైనచోట విరిచి కింది లైనుకు పంపే మనిషి ఒకడు ఉంటాడు. ఫోన్‌లో ఆ మనిషి లేడు. మన మాటలు చూస్తే పొడుగు. "మాట్లాడుకుంటున్నప్పుడు" అన్నది ఒక్క మాటే సగం లైను తింటుంది. ఇంకొకటి పట్టక, ఉన్న రెండు మాటలూ చెరో గోడకీ అంటుకుని, మధ్యలో ఆటలాడుకునేంత ఖాళీ మిగులుతోంది. పై మార్గదర్శకాల్లోనే అన్నిటికన్నా కఠినమైన స్థాయిలో, పేరాను రెండువైపులా సమం చేయవద్దని రాసి ఉంది. ఎడమవైపు మాత్రమే సమంగా ఉంచి వదిలేయండి. కుడివైపు ఎగుడుదిగుడుగా ఉంటే ఏ పాఠకుడూ అలగడు.

ఉటంకింపులను ఏటవాలుగా వంచారు. తెలుగు లిపికి ఇటాలిక్ అలవాటు లేదు. నిటారు అక్షరాన్నే బ్రౌజర్ పక్కకు తోస్తే, గాలికి ఒరిగిన కంచెలా ఉంటుంది.

ఈ డిజైన్‌ను ఇంగ్లిష్ అక్షరాలు పోసి చూసి, బాగుందని సంతకం పెట్టేశారని నా అనుమానం. ఒక్కసారి తెలుగు పేరా, అందులోనూ వత్తులు దండిగా ఉన్న పేరా, పోసి చూసి ఉంటే ఇదంతా ఆ రోజే బయటపడేది.

ఇంకొకటి. వ్యాసం చివర లింకు నొక్కబోతే, సరిగ్గా అప్పుడే పైన ఒక ప్రకటన లోడై పేజీ మొత్తం కిందికి జారుతోంది. లింకు ఉన్నచోటికి ప్రకటన వచ్చి, వేలు దాని మీద పడుతోంది. ఈ నెలలో నాకిలా నాలుగుసార్లు జరిగింది. మీ లెక్కల్లో నేను ఆ ప్రకటనల మీద బాగా ఆసక్తి ఉన్నవాడిలా కనిపిస్తూ ఉంటాను. వచ్చే ప్రకటన ఎంత ఎత్తుంటుందో ముందే తెలుస్తుంది కాబట్టి, ఆ మేరకు ఖాళీ వదిలిపెడితే పేజీ కదలదు. గూగుల్ ఈ జారడాన్నే ఒక స్కోరుగా కొలిచి, అది 0.1 దాటకూడదని సైట్ల వాళ్లకు చెబుతోంది కూడా.

ఈ ఫిర్యాదు ఎక్కడికి పంపాలో కనుక్కోవడం ఇంకో కథ. మీ చిరునామా ఉన్నది పేజీ అట్టడుగున. అక్కడికి చేరబోతే మరో వ్యాసం వచ్చి పడుతుంది, దాని అడుగుకు వెళితే ఇంకొకటి. అంతులేని ఈ స్క్రోల్‌ను 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ తర్వాత దాని గురించి బాధపడ్డారు. నేను ఇరవై నిమిషాలు బాధపడి, చివరికి ఫోన్‌లో నెట్ ఆపేసి కిందికి జరిపాను. అప్పుడు కొత్త వ్యాసం రాలేదు, చిరునామా దొరికింది. సంప్రదించడానికి నెట్ ఆపుకోవాల్సిన వెబ్‌సైటును నేనింతవరకు చూడలేదు.

వ్యాసాల మీద తేదీలు తీసేశారు, అది కూడా తిరిగి పెట్టండి.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఇంత మార్చినా పాత లింకులు ఒక్కటీ చెడిపోలేదు. పదేళ్ల కిందట దాచుకున్న వ్యాసం నొక్కితే ఇప్పటికీ తెరుచుకుంటోంది. చాలామంది పెద్ద సైట్ల వాళ్లు ఈపాటి శ్రద్ధ కూడా తీసుకోరు. ఆ పని చేసినవారెవరో గానీ, ఫాంటు పని కూడా వారికే అప్పజెప్పండి.

ప్రకటనలు వద్దనడం లేదు. రాసినవాళ్లకు డబ్బులివ్వాలి, అవి ఎక్కడినుంచో రావాలి. పక్కన కదలకుండా కూర్చున్న ప్రకటనతో నాకు పేచీ లేదు. నేను అడిగేది ముందుగా రెండే: లైన్ల మధ్య దూరం కనీసం ఒకటిన్నర రెట్లు చేయండి, అక్షరాల రంగు ముదురు చేయండి. ఈ రెండూ మార్చడానికి పూట కూడా పట్టదని మా అబ్బాయి అంటున్నాడు. పాప్-అప్ సంగతి మీరు మీటింగులు పెట్టుకుని తేల్చుకోండి. ఏ తేదీకి ఏది మారుస్తారో జవాబు రాస్తే సంతోషిస్తాను.

అందాకా మీ వ్యాసాలను బ్రౌజర్‌లోని రీడర్ మోడ్‌లో చదువుతున్నాను. అక్కడ అక్షరాలు నల్లగా, లైన్లు విడివిడిగా ఉన్నాయి. మీ ప్రకటన ఒక్కటి కూడా కనబడదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు