మన సంఘం వార్షిక నివేదిక 2024–25: భోపాల్ నుంచి కార్బైడ్ కచరా కదిలిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

భోపాల్‌లోని మన తెలుగు సంఘం నివేదిక ప్రతిసారీ ఉగాదితో మొదలై కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల మీదుగా నడిచి, చందా బకాయిల పేరాతో ముగుస్తుంది. ఈసారి ఆ వరుస కుదరలేదు. డిసెంబరు నుంచి కార్యవర్గం ఎప్పుడు కూర్చున్నా, అజెండాలో రాసినా రాయకపోయినా, మాట చివరికి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిగిలిపోయిన కచరా, అంటే విష వ్యర్థాల దగ్గరికే వచ్చేది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో అయిపోయినా ఆ పని జూన్ ఆఖరుకు గాని ఒక కొలిక్కి రాలేదు. అందుకని అక్కడిదాకా రాశాను.

ముందు మామూలు సంగతులు. ఈ ఆర్థిక సంవత్సరంలో ఉగాది రెండుసార్లు వచ్చింది: 2024 ఏప్రిల్ 9న క్రోధి, 2025 మార్చి 30న విశ్వావసు. పచ్చడి రెండుసార్లు తిన్నాం, హాలు అద్దె రెండుసార్లు కట్టాం. కోశాధికారిగారు ఈ మాట చెప్పి నవ్వారో బాధపడ్డారో నాకు తెలియలేదు. బతుకమ్మకు ఎప్పటికన్నా ఎక్కువమంది వచ్చారు. పిల్లల తెలుగు తరగతి పరీక్షల నెలల్లో ఆగి, మళ్లీ మొదలైంది. గ్రంథాలయం బీరువాకు చెదలు పట్టింది. పుస్తకాలు కాపాడగలిగాం గాని బీరువా పోయింది. జమాఖర్చులు విడిగా జతచేశాం.

ఇక అసలు విషయం.

2024 డిసెంబరు 2వ తేదీ రాత్రికి గ్యాస్ కాండ్, అంటే ఆ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై జనం చనిపోయిన ఘటన, జరిగి 40 ఏళ్లు నిండాయి. ఆ మర్నాడే, డిసెంబరు 3న, మధ్యప్రదేశ్ హైకోర్టు ప్రభుత్వాన్ని గట్టిగా మందలించి, ఫ్యాక్టరీలో పడి ఉన్న విష వ్యర్థాలను 4 వారాల్లో అక్కడి నుంచి తీసేయాలని ఆదేశించింది. 40 ఏళ్లు కదలని పనికి 4 వారాల గడువు. మన పెద్దల్లో చాలామంది నమ్మలేదు. 2004లో వేసిన పిటిషన్ మీద 20 ఏళ్ల తర్వాత వచ్చిన గడువు మరి, నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

కొత్తగా వచ్చిన సభ్యుల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఫ్యాక్టరీ 1969లో మొదలైంది. అక్కడ తయారయ్యేది సెవిన్ అనే పురుగుమందు. 1984లో గ్యాస్ వదిలాక ఉత్పత్తి ఆగిపోయింది. పురుగుమందు నిల్వలు, రియాక్టర్లలో గడ్డకట్టిన మడ్డి, ఆవరణలో పారబోసినవి మాత్రం అలాగే ఉండిపోయాయి. 1998లో ఆ స్థలం రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 2005లో పైపైన ఉన్నదంతా ఏరి, సంచుల్లోనూ డ్రమ్ముల్లోనూ నింపి ఒక షెడ్డులో పెట్టారు. తర్వాత దాన్ని ఎక్కడ తగలబెట్టాలన్నదే 20 ఏళ్ల పేచీ. గుజరాత్‌లోని అంకలేశ్వర్ అన్నారు, ఆ రాష్ట్రం ఒప్పుకోలేదు. నాగపూర్ అన్నారు, అక్కడా కాదన్నారు. 2012లో జర్మనీకి విమానంలో పంపిద్దామని 25 కోట్ల అంచనా వేశారు. జర్మనీలో అభ్యంతరాలు లేచాక అదీ పోయింది. చివరికి ధార్ జిల్లా పీథంపూర్‌లోని వ్యర్థాలు కాల్చే కేంద్రం మిగిలింది. అప్పటికే 2008లో ఇక్కడి సున్నపు మడ్డి 40 టన్నులు అక్కడ పూడ్చారు, 2015లో 10 టన్నులు ప్రయోగంగా కాల్చి చూశారు.

మిగిలింది 337 టన్నులు. లెక్క చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. అందులో 162 టన్నులు విషం ఇంకిన మట్టి. 92 టన్నులు సెవిన్, దాని ముడిసరుకు నాఫ్తాల్ అవశేషాలు. 54 టన్నులు సగంలో ఆగిపోయిన పురుగుమందు. 29 టన్నులు రియాక్టర్ల మడ్డి. ఇందులో ఆ రాత్రి జనాన్ని చంపిన మిథైల్ ఐసోసైనేట్ లేదు. అది 1984 డిసెంబరులోనే అయిపోయింది. మన గ్రూపులో ఈ రెండూ కలిపేసి చాలా మెసేజీలు తిరిగాయి కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఆ డిసెంబరు సంగతి మన పెద్దల నోట విన్నాం. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు నిలిచేది అనిపించింది ఇదొక్కటే. 40 ఏళ్లు నిండిన సందర్భంగా భెల్‌లో (ప్రభుత్వ భారీ విద్యుత్ పరికరాల కర్మాగారంలో) రిటైరైనవాళ్లనీ, రైల్వేలో చేసినవాళ్లనీ కూర్చోబెట్టి వాళ్ల జ్ఞాపకాలు ఫోన్లలో రికార్డు చేశాం. నిజం చెప్పాలంటే పిప్లానీ, బర్ఖేడా, గోవింద్‌పురా వైపున్న మనవాళ్లు ఆ రాత్రి చాలావరకు తప్పించుకున్నారు. గ్యాస్ జేపీ నగర్, ఛోలా, రైల్వే స్టేషన్, పాత భోపాల్ మీద పడింది. నగరంలోని 56 వార్డుల్లో 36 వార్డులను గ్యాస్ పీడితమని గుర్తించారు. మనవాళ్లలో ఎక్కువమంది మిగతా 20 వార్డులవాళ్లు. కాబట్టి మన పెద్దల జ్ఞాపకాల్లో మొదటి రాత్రి కన్నా రెండు వారాల తర్వాతి సంగతులే ఎక్కువ.

అంటే ఆపరేషన్ ఫెయిత్. గ్యాస్ వదిలిన ట్యాంకు పక్కనే ఇంకో ట్యాంకులో అదే రసాయనం 20 టన్నులకు పైగా మిగిలి ఉందని తేలింది. దాన్ని బయటికి తీసుకుపోవడం కుదరదు, ఉంచడమూ కుదరదు. అదే ఫ్యాక్టరీని మళ్లీ నడిపి, దాన్ని సెవిన్‌గా మార్చేయాలని నిపుణులు తేల్చారు. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ అధిపతి ఎస్. వరదరాజన్ ఆ బృందాన్ని నడిపించారు. డిసెంబరు 16న మొదలుపెట్టారు. ప్రహరీ వెంట తడి గోనెపట్టాలు కట్టారు, పైన హెలికాప్టర్లు తిరుగుతూ నీళ్లు చల్లాయి. భయం లేదని చెప్పడానికి ముఖ్యమంత్రి అర్జున్ సింగ్ స్వయంగా ఫ్యాక్టరీలో కూర్చున్నారు. జనం మాత్రం నమ్మలేదు. మూటాముల్లె సర్దుకుని లక్షల్లో ఊరొదిలి వెళ్లారు. మన సభ్యురాలు ఒక పిన్నిగారు, చంకలో ఎనిమిది నెలల పిల్లతో టికెట్ లేకుండా దక్షిణాది రైలెక్కి, ఖాజీపేటలో దిగేదాకా నిలబడే వెళ్లానని చెప్పారు. టికెట్ కలెక్టర్ వచ్చి, ముఖం చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడట. ఆ పిల్ల ఇప్పుడు బెంగళూరులో ఉంది. ఈ రికార్డింగు విన్నాకే తనకీ సంగతి తెలిసిందని ఫోన్ చేసింది.

మళ్లీ ఈ ఏడాదికి వస్తే, డిసెంబరు 29న ప్యాకింగ్ మొదలుపెట్టారు. సుమారు 100 మంది, ఒక్కొక్కరు అరగంట కన్నా ఎక్కువ లోపల ఉండకుండా వంతులవారీగా పనిచేశారు. జనవరి 1 రాత్రి తొమ్మిది ప్రాంతంలో 12 కంటెయినర్లు బయల్దేరాయి. ముందూ వెనకా పోలీసులు, అంబులెన్సులు, అగ్నిమాపక బళ్లు. దారంతా ట్రాఫిక్ ఆపి, 250 కిలోమీటర్లు నడిపించి, తెల్లవారకముందే పీథంపూర్ చేర్చారు. ఆ సాయంత్రం మన కొత్త సంవత్సరం కార్యక్రమం జరుగుతోంది. పాటల పోటీ మధ్యలో సగంమంది ఫోన్లలో కంటెయినర్ల వీడియో చూస్తున్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లూ కొట్టారు. నేనూ కొట్టాను.

రెండు రోజులకే ఆ చప్పట్లకు సిగ్గేసింది. పీథంపూర్‌లో మందుల కంపెనీల్లో, ఆటోమొబైల్ కంపెనీల్లో పనిచేసే తెలుగు కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. కొందరు మన సభ్యుల పిల్లలే. జనవరి 3న అక్కడ బంద్. రోడ్ల మీద లాఠీచార్జి. నిరసనలో ఇద్దరు ఒంటి మీద ఇంధనం పోసుకుని నిప్పంటించుకుని ఆసుపత్రి పాలయ్యారు. ఆ రోజంతా ఫోన్లే. ఒక గదిలో నలుగురు కుర్రాళ్లు మూడు రోజులు బయటికి రాలేదు. ఇండోర్‌లో ఉన్న మన సభ్యులొకరు వాళ్లను ఇంటికి తెచ్చుకుని అన్నం పెట్టారు. ఆ దంపతులకు సంఘం తరఫున కృతజ్ఞతలు. వాళ్ల పేరు వేయొద్దన్నారు.

ఆ వారంలో కార్యవర్గం చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ కంటెయినర్లలో అణుధార్మిక పదార్థం ఉందని ఒక మెసేజి మన గ్రూపులోకి వచ్చింది. అది అబద్ధం. పురుగుమందుల ఫ్యాక్టరీలో అణుధార్మికత ప్రసక్తే లేదు. కానీ మేం దాన్ని తీసేసి సరైన వివరం పెట్టడానికి మూడు రోజులు పట్టింది. ఈలోగా అది మన గ్రూపు నుంచే ఇంకెన్ని గ్రూపులకు వెళ్లిందో. పండగ పనుల్లో చూడలేదన్నది సాకే.

అందుకే సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం, కెమికల్ ఇంజినీరుగా రిటైరైన మన సభ్యులొకరిని మాట్లాడమన్నాం. ముగ్గుల పోటీ కన్నా ఎక్కువమంది వచ్చారు. ఆయన బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన దాని సారాంశం ఇది. ఇలాంటి కచరాను మామూలు మంటలో కాల్చకూడదు. ముందు తిరిగే కొలిమిలో కాల్చి, వచ్చిన పొగను రెండో గదిలో 1,100 డిగ్రీలకు పైగా వేడిలో కాసేపు ఉంచి మళ్లీ కాలుస్తారు. తర్వాత ఆ పొగను ఒక్కసారిగా చల్లార్చాలి. నెమ్మదిగా చల్లారితే, క్లోరిన్ ఉన్న పదార్థాల నుంచి డయాక్సిన్లనే తీవ్ర విషాలు తయారవుతాయి. ఆ పైన సున్నం, బొగ్గుపొడి, గుడ్డ ఫిల్టర్లు, క్షారజలం దాటించి చిమ్నీలోకి వదులుతారు. కాలేటప్పుడు ఆమ్లవాయువులను పట్టడానికి కచరాలోనే సున్నం కలుపుతారు. కాబట్టి చివరికి మిగిలే బూడిద, మొదటి కచరా కన్నా ఎక్కువ బరువు ఉంటుంది. ఈ మాటకి హాల్లో కలకలం రేగింది. మరి కాల్చి లాభమేంటని వెనక వరసలో ఎవరో అడిగారు. విషపు అణువులు విరిగిపోతాయి, పాదరసం లాంటి లోహాలు మాత్రం ఎక్కడికీ పోవు, అందుకే బూడిదను పొరలు పరిచిన గుంతలో పూడ్చి, పక్కన బావులు తవ్వి ఏళ్ల తరబడి నీళ్లు పరీక్షించాలి అన్నారాయన. నిర్వాహకులు హైదరాబాద్ కంపెనీవాళ్లే కదా, మనవాళ్లే కదా, అడిగి కనుక్కోలేమా అని కూడా ఒకరన్నారు. నిజమే, ఆ పీథంపూర్ కేంద్రాన్ని నడిపే సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అయితే ఊరు ఒకటైనంత మాత్రాన లెక్కలు మన చేతికిస్తారా?

తర్వాత జరిగింది పత్రికల్లో అందరూ చూసిందే. పీథంపూర్‌లో కాల్చే విషయంలో జోక్యానికి సుప్రీంకోర్టు ఫిబ్రవరి 27న నిరాకరించింది. మర్నాటి నుంచి మూడు విడతల్లో పదేసి టన్నుల చొప్పున ప్రయోగంగా కాల్చారు: గంటకు 135 కిలోలు, తర్వాత 180, తర్వాత 270. మార్చి 27న హైకోర్టు అనుమతించాక, మిగిలిన 307 టన్నులు మే 5 నుంచి కాల్చడం మొదలుపెట్టి, జూన్ 29 అర్ధరాత్రి దాటాక ముగించారు. ఉద్గారాలు పరిమితుల్లోనే ఉన్నాయని అధికారులు ప్రకటించారు. బూడిద అక్కడే, తారాపురా గ్రామం పక్కనే ఉంది. పూడ్చడం ఇంకా కావాలి. అక్కడివాళ్ల భయం అబద్ధమని నేను అనలేను. మన కచరా తీసుకెళ్లి తమ గుమ్మంలో పెట్టారన్న వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది.

జులై మొదటి వారం కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం వచ్చింది, భోపాల్ శుభ్రమైనందుకు ప్రభుత్వానికి అభినందన లేఖ పంపాలని. గంటన్నర వాదన జరిగింది. నేను వ్యతిరేకించాను. నా కారణాలు ఇక్కడ రాయడానికి అధ్యక్షులు అనుమతించారు, ఆయన లేఖకు అనుకూలమే అయినా.

పోయింది 337 టన్నులు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధనా సంస్థ నీరీ, హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధనా సంస్థ ఎన్‌జీఆర్‌ఐ కలిసి 2010లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆవరణలో విషం ఇంకిన మట్టి 11 లక్షల టన్నులు. హైదరాబాద్ శాస్త్రజ్ఞులు భూమిలోకి విద్యుత్తు పంపి, ఎక్కడెక్కడ ఏం పూడ్చారో గీసి ఇచ్చిన నివేదిక అది. తీసుకెళ్లింది షెడ్డులో పెట్టిన సంచులు. ఆ షెడ్డు కింది నేల, ఫ్యాక్టరీకి ఉత్తరాన వ్యర్థజలాలు ఆరబెట్టిన చెరువులు, వాటి కింది నీరు, ఏవీ ఎక్కడికీ పోలేదు. ఆ చుట్టుపక్కల 42 బస్తీల్లో బోరు నీళ్లు తాగకూడదు. కుళాయి నీళ్లివ్వమని సుప్రీంకోర్టు 2004లో చెప్పాక కూడా ఏళ్లు పట్టింది. కరోంద్ వైపున్న మన సభ్యుల ఇళ్లలో పనికి వచ్చే అమ్మాయిలు ఆ బస్తీల నుంచే వస్తారు. కుళాయి రాని రోజు ఏ నీళ్లు వాడతారని మేం అడగలేదు. మొన్న అడిగాం. బోరు నీళ్లే వాడతామన్నారు, బట్టలకనీ గిన్నెలకనీ.

లేఖ తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. దాని బదులు రెండు పనులకు కార్యవర్గం ఒప్పుకుంది. ఒకటి, ఆ 42 బస్తీల భూగర్భజలాల తాజా పరీక్షా ఫలితాల కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు చేయడం. దాని రుసుము మన నిధి నుంచి కట్టడానికి ఈ సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి. పెద్ద మొత్తమేమీ కాదు, 10 రూపాయల స్టాంపు, నకళ్ల ఖర్చు. రెండు, జ్ఞాపకాల రికార్డింగు కొనసాగించడం. మాట్లాడాల్సిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఇద్దరు ఈ ఏడాదే, మేం వెళ్లేలోపే వెళ్లిపోయారు. ఆదివారాలు పది నుంచి పన్నెండు దాకా గ్రంథాలయంలో ఎవరో ఒకరం ఉంటాం. రాలేనివాళ్లు కబురు చేస్తే ఇంటికే వస్తాం.

చందా బకాయిలున్నవారు సమావేశం రోజున కోశాధికారిగారిని కలవండి. కొత్త బీరువాకు విరాళం ఇవ్వదలచినవారు కూడా. ఈసారి ఇనుపది కొందామనుకుంటున్నాం.

భవదీయుడు,
కార్యదర్శి
భోపాల్, జులై 2025